లంకలో పోయినవాళ్ళు

మా అత్తగారు అచ్చాయమ్మకి ఇద్దరు కొడుకులు. ఇద్దరూ లంకకే వెళ్ళారు. చిన్నవాడు బుల్లబ్బాయి, నా మొగుడు, గోదావరి మధ్యలో ఉన్న లంకకి పడవలో వెళ్ళి శవమై తిరిగొచ్చాడు. పెద్దవాడు, మా బావగారు కుక్కుటేశ్వరరావు, సముద్రం అవతలి లంకకి మిలటరీతో వెళ్ళి ఎడమకాలు మోకాలి కిందనుంచి అక్కడే పోగొట్టుకుని వచ్చారు. మా ఊళ్ళో రెంటికీ ఒకటే పేరు కావడంతో పలకరింపుకి వచ్చినవాళ్ళు తికమకపడేవారు. "లంకలో పోయిందెవరమ్మా, మిలటరీ ఆయనేనా?" అని అడిగేవారు. "ఆ లంక కాదండి, ఈ లంక. మిలటరీవాడు బతికే ఉన్నాడండి" అని మా అత్తగారు ఓపిగ్గా చెప్పేది. నాకంత ఓపిక లేదు. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చి లోపలికి పోయేదాన్ని.

రేడియోలో శ్రీలంక అంటారు కదా, మీరూ అలాగే అంటే ఈ గొడవ ఉండదు కదా అని బావగారితో ఒకసారి అన్నాను.

"అక్కడ శ్రీ ఎక్కడుందమ్మా తులసీ? నాకు కనపళ్ళేదు" అన్నారు.

ఆ తరవాత కూడా ఆయన నోట ఎప్పుడూ ఉత్త లంకే. ఆ ఒక్క అక్షరం పలకనందుకు మా ఊళ్ళో ఎన్ని తలకాయలు పగిలాయో చెబుతాను.

మాది కొవ్వూరుకి దిగువన గోదావరి గట్టు మీద ఊరు. ఊరికి పెద్ద జోగేశ్వరరావు. రైసుమిల్లు ఆయనది, తుపాకీ లైసెన్సు ఆయనది, ఢిల్లీలో రాజ్యం చేస్తున్న పార్టీకి మా చుట్టుపక్కల దిక్కూ ఆయనే. ఆ పేరు చివర గారు పెట్టలేదని ఏమీ అనుకోకండి. పెట్టినన్నాళ్ళు పెట్టాను.

ఎనభై ఆరులో పెద్ద వరద తీశాక మా ఊరికీ అవతలి ఒడ్డు ఊరికీ మధ్యన ఏట్లో కొత్త లంక లేచింది. ఒండ్రు నేల. పొగాకు పెడితే మనిషెత్తు లేస్తుంది. అది మాదని మేం, తమదని వాళ్ళు. జోగేశ్వరరావు మగవాళ్ళందర్నీ మిల్లు దగ్గర పోగేశాడు. "మీరు మొదటి పడవలో వెళ్ళి లంకలో దిగండి. నేను తుపాకీ పట్టుకుని, నిడదవోలు నుంచి తెప్పించిన మనుషుల్తో రెండో పడవలో మీ వెనకే వస్తాను" అన్నాడు. మా ఆయన బల్లెం పట్టుకుని మొదటి పడవెక్కాడు. మా పక్కింటి లోవమ్మ మొగుడూ ఎక్కాడు. లోవమ్మా నేనూ గట్టు మీద నిలబడి చూస్తున్నాం. పడవ ఇసకకి తగలగానే పొదల్లోంచి అవతలి ఊరివాళ్ళు లేచారు. అంత దూరం నుంచి కత్తులు కనపడలేదు గాని కేకలు వినపడ్డాయి. మా ఆయన గొంతు నేను గుర్తుపట్టాను. వెనక్కి తిరిగి, "రండర్రా, రండి" అని అరుస్తున్నాడు. రెండో పడవ రాలేదు.

శవాలు తెచ్చాక మా ఆయన కుడిచెయ్యి విడిగా గోనెసంచిలో తెచ్చారు. మెడ వెనకనుంచి సగం తెగి ఉంది. లోవమ్మ మొగుణ్ణి పంచె రంగు చూసి పోల్చుకున్నాం, ముఖం లేదు. జోగేశ్వరరావు మా అరుగు మీద కూర్చుని తలబాదుకుని ఏడ్చాడు. ఉన్నట్టుండి నీరు తీసేసిందనీ, పడవ ఇసకలో కూరుకుపోయిందనీ, ఎంత తోసినా కదల్లేదనీ చెప్పాడు. నమ్మాం. అంత ఏడుపు చూసి నమ్మకపోతే మనం మనుషులం కామనిపించింది.

అవతలి ఊరివాళ్ళ మీద హత్యకేసు పడింది. కేసు భయానికి వాళ్ళు లంక వదిలేశారు. ఊరి తరఫున అని చెప్పి అందులో జోగేశ్వరరావు పొగాకు వేశాడు. చచ్చిపోయినవాళ్ళ పేర్లు రాయి మీద చెక్కించి గట్టు మీద పాతాడు. కోతలప్పుడల్లా మా విధవలందరి ఇళ్ళకీ బియ్యం పంపించేవాడు. వండుకుని తిన్నాం.

బావగారు తమ్ముడి పెద్దకర్మకి సెలవు పెట్టి వచ్చి, వెళ్ళి, మరుసటేడు సముద్రం అవతలి లంకలో దిగారు. కాలు పోయాక పూణే ఆస్పత్రిలో చాలాకాలం ఉంచి కర్రకాలు తగిలించి ఇంటికి పంపించేశారు. భార్య ఎప్పుడో టైఫాయిడ్‌తో పోయింది, పిల్లల్లేరు. మా ఇంటికి మిగిలిన మగదిక్కు ఆయన ఒక్కరే. ఎక్కువ మాట్లాడేవారు కాదు. నేను వంట చేస్తుంటే మాత్రం వంటింటి గడప మీద కూర్చుని కొంచెం కొంచెం చెప్పేవారు. ఒక రోడ్డు మీద మందుపాతరలున్నాయని ముందు వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారట. అయినా ఎక్కడో దూరాన కూర్చున్న పెద్దాఫీసరు వైర్‌లెస్‌లో పొమ్మన్నాడట. "మీరు కదలండి, వెనక బళ్ళు వస్తాయి" అన్నాడట. బళ్ళు రాలేదు. పక్కనున్న కుర్రాడు రెండు ముక్కలయ్యాక కూడా ఆ పై ముక్క ఈయన చొక్కా పట్టుకుని అమ్మా అని పిలిచిందట. నేను చారు తిరగమోత పెడుతూ విన్నాను. చెయ్యి కాల్చుకున్నాను.

ఎనభై తొమ్మిదిలో ఎలక్షన్లొచ్చాయి. అప్పటికి మిలటరీలో పెద్ద ఉద్యోగాలు చేసి దిగిపోయినవాళ్ళు, ఆ యుద్ధం నడిపిన తీరే తప్పని పేపర్లలో రాస్తున్నారు. ఢిల్లీ పార్టీలోవాళ్ళే కొందరు, ఎవరు పంపమన్నారు, ఎందుకు పంపారు అని పైకే అంటున్నారు. టీకొట్టు దగ్గర జనానికి అదే కాలక్షేపం. జోగేశ్వరరావుకి అసెంబ్లీ టిక్కెట్టు వచ్చింది. ఎక్కడికి వెళ్ళినా ఎదుటి పార్టీవాళ్ళు, "లంకలో మన కుర్రాళ్ళని చంపించిన పార్టీ మీదేనా?" అని అడుగుతున్నారు. దానికి ఆయన కనిపెట్టిన మందు మా బావగారు.

పళ్ళూ శాలువా పట్టుకుని కొడుకు పెదబాబుతో కలిసి మా ఇంటికొచ్చాడు. మిల్లు దగ్గర సభ పెడుతున్నామన్నాడు.

"నాలుగు ముక్కలు చెప్పు చాలు. మన జవాన్లు వీరోచితంగా పోరాడారు, పైవాళ్ళు ఏ లోటూ రానివ్వలేదు అని. నువ్వు చెబితే ఎవడు నోరెత్తుతాడు? రాజమండ్రిలో గ్యాసు ఏజెన్సీ నీ పేరున వచ్చేలా నేను చూస్తాను."

"ఉన్నది చెప్తానండి" అన్నారు బావగారు.

"అదే, అదే చెప్పు" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు జోగేశ్వరరావు.

వాళ్ళటు వెళ్ళగానే నేను బావగారి మీద పడ్డాను. ఉన్నది చెబితే స్టేజి దిగనిస్తారా అన్నాను. ఆ పెదబాబు ఎలాంటివాడో మీకు తెలీదా, పోయినేడు పాలేరు కళ్ళజోడు మీద గుద్ది కన్ను పోగొట్టినవాడు అన్నాను. మా ఇంట్లో ఇంకో మగవాణ్ణి నరికించుకునే ఓపిక నాకు లేదు. ఆ లంకలో ఎవరు తప్పు చేస్తే నాకేం, ఈ మనిషి ప్రాణంతో ఉంటే చాలు. ఆ మాట కూడా మొహం మీదే అన్నాను.

"నా పక్కన చచ్చిపోయిన కుర్రాళ్ళ తల్లులెవరూ ఈ ఊళ్ళో లేరు తులసీ" అన్నారాయన. "ఉంటే వాళ్ళింటికెళ్ళి చెప్పి ఊరుకునేవాణ్ణి. మైకు ఇస్తానంటున్నాడు కదా, ఇవ్వనీ."

ధాన్యం ఆరబోసే గచ్చు మీద, మిల్లు గేటుకి ఎదురుగా స్టేజి వేశారు. మధ్యాహ్నం ఎండ దిగాక జనం వచ్చారు. ఆడవాళ్ళం ఒకవైపు కూర్చున్నాం. నా పక్కన లోవమ్మ. ఆవిడ కొడుకు సూరిబాబు మగవాళ్ళలో ముందు వరసలో ఉన్నాడు. ఇరవై దాటిన కుర్రాడు, అచ్చం తండ్రి పోలిక. స్టేజి పక్కన కొబ్బరిబొండాల గుట్ట. పెద్దలకి బొండాలు కొట్టి ఇచ్చే పని పల్లంరాజుది. జోగేశ్వరరావుకి చాలా ఏళ్ళుగా కుడిభుజం ఆయన. పడవ నడపాలన్నా, మనుషుల్ని పోగెయ్యాలన్నా ఆయనే. ఈ మూడేళ్ళుగా మాత్రం తాగుడికి మరిగి సగమైపోయాడు.

శాలువా కప్పారు. దండ వేశారు. బావగారు మైకు ముందుకొచ్చారు.

"లంకలో మనవాళ్ళు ఎలా పోయారో చెప్పమని పెద్దలు అడిగారు. చెప్తాను. మీరు ముందు వెళ్ళండి, వెనకాల మేం వస్తాం అన్నారు. ఆ మాట నమ్మి వెళ్ళాం. అవతలివాళ్ళు అప్పటికే కాచుకుని కూర్చున్నారు. ఆ సంగతి పంపించినవాళ్ళకి ముందే తెలుసు."

లోవమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"నరుకుతుంటే కేకలేశాం. రమ్మని వెనక్కి తిరిగి పిలిచాం. ఒక్కడు రాలేదు. రాలేక కాదండి. మా కేకలు వాళ్ళకి వినపడుతున్నాయి. వింటూ కూర్చున్నారు. మనవాళ్ళని చంపింది అవతలివాడు కాదు. పంపినవాడు."

నరుకుతుంటే అన్నారు. అది నేను ఇప్పటికీ అనుకుంటాను. తుపాకులతోనూ బాంబులతోనూ జరిగిన యుద్ధానికి ఆయన నోట నరకడం అనే మాటే వచ్చింది. మా ఊళ్ళో చావుకి ఉన్న మాట అదే మరి. ఆ మాటతో ఆడవాళ్ళలో ఒకావిడ గొల్లుమంది. ఆవిడ తమ్ముడూ ఆ రోజు మొదటి పడవలో వెళ్ళినవాడే.

జోగేశ్వరరావు కుర్చీలోంచి లేచాడు. మైకు లాక్కున్నాడు.

"ఏంటయ్యా నువ్వు చెప్పేది? ఆ రోజు నీరు తీసేసింది. పడవ ఇసకలో కూరుకుపోయింది. నేను కోర్టులో ప్రమాణం చేసి మరీ చెప్పాను. ఇప్పుడు ఎలక్షన్ల ముందు తవ్వి తీస్తావా?"

బావగారు ఆయన వంక తెల్లబోయి చూశారు.

"నేను పడవ మాట అనలేదండి. నేను చెప్పేది సిలోన్ సంగతి" అన్నారు.

అంతే. జోగేశ్వరరావు నవ్వబోయాడు. ఆ నవ్వు చూశాను. అరుగు మీద ఏడ్చిన ఏడుపంతా గుర్తొచ్చింది.

అప్పుడు బొండాల గుట్ట దగ్గర్నుంచి పల్లంరాజు మాట్లాడాడు. మైకు లేదు, అయినా అందరికీ వినపడింది.

"పడవ కూరుకోలేదండి."

"నోర్ముయ్యరా తాగుబోతు వెధవా" అన్నాడు పెదబాబు.

"పడవ తోసే గెడ నా చేతిలోనే ఉంది బాబూ. రెల్లు చాటున ఆపమన్నది మీ నాన్నగారే. పదండి, కుర్రాళ్ళు పోతున్నారండి అన్నాను. నాలుగు శవాలు పడితేగాని అవతలివాళ్ళు లంక వదలరన్నారు. కేకలు ఆగేదాకా కూర్చున్నామండి. బుల్లబ్బాయి పిలుస్తానే ఉన్నాడు." పల్లంరాజు ఆడవాళ్ళ వైపు తిరిగాడు. "పేరు పెట్టి పిలిచాడమ్మా, పల్లంరాజు మావా అని."

ఆయన చేతిలో కత్తి బొండాల మీద పెట్టేసి మాట్లాడుతున్నాడు. పెదబాబు స్టేజి మీంచి దూకి ఆ కత్తే తీసుకున్నాడు. మొదటి దెబ్బ మెడకీ భుజానికీ మధ్య దిగింది. పల్లంరాజు చెయ్యి అడ్డం పెడితే రెండో దెబ్బకి వేళ్ళు ఎగిరిపోయాయి. మూడోది తల మీద. బొండం పగిలిన చప్పుడే వచ్చింది. నీళ్ళూ నెత్తురూ కలిసి గచ్చు మీద ముందు వరస కాళ్ళ దాకా పారాయి. ఆయన పడిపోయాక కూడా పెదబాబు నరుకుతూనే ఉన్నాడు.

ఆ తరవాత ఎవరు ఎవర్ని కొట్టారో దేవుడికి తెలియాలి. షామియానా గుంజలు పీకారు. కుర్చీలు విరిచి ఆ కోళ్ళతో కొట్టారు. జోగేశ్వరరావు మనిషి ఒకడు మైకు రాడ్డుతో కొడితే ఒక ముసలాయన దవడ ఊడి వేలాడింది. ఆ రాడ్డుతో కొట్టినవాణ్ణి ఆడవాళ్ళు జుట్టు పట్టుకుని కిందపడేసి ముఖం మీద కాళ్ళతో తొక్కారు. జీపుకి నిప్పు పెట్టారు. నేను జనాన్ని తోసుకుంటూ స్టేజి దగ్గరికి పోయి బావగార్ని కిందికి లాగాను. ఆయన, "అయ్యో, నేనా సంగతి అనలేదమ్మా, నాకు తెలీదమ్మా" అంటున్నారు. తెలీకపోవడమే మంచిదైందన్నాను. తెలిసి ఉంటే దాచేవారేమో అన్నాను.

జోగేశ్వరరావూ పెదబాబూ ఒకరిద్దరు మనుషులూ మిల్లులోకి పారిపోయి ఇనపగేటు వేసుకున్నారు. మేడమీద కిటికీలోంచి తుపాకీ గొట్టం బయటికి వచ్చింది. గచ్చు మీద ముందుకు పోయినవాళ్ళు ఆగి, వెనక్కి జరిగి, గచ్చు చివరున్న పిట్టగోడ అవతల మా పక్కన మూగారు. పొద్దు ఇంకా ఉంది. పల్లంరాజు శవం మధ్యలో ఒంటరిగా పడుంది.

సూరిబాబు మా దగ్గరికొచ్చాడు. చేతిలో గడ్డపార ఉంది. వాడి వెనక లంకలో చచ్చినవాళ్ళ తమ్ముళ్ళూ కొడుకులూ.

"బాబాయ్, నువ్వు మిలటరీవోడివి. ఎలా వెళ్ళాలో చెప్పు. మేం వెళ్తాం."

బావగారు గోడ మీంచి గచ్చునీ గేటునీ కిటికీనీ చూశారు. ఆ చూపు నేనెప్పుడూ చూడలేదు. ఆ కాసేపు ఆయన మా ఇంట్లో మనిషిలా లేరు.

"చాటన్నది లేదు. ముందు వెళ్ళినవాళ్ళు పోతారు" అన్నారు. "మిల్లు చుట్టూ కూర్చుందాం. ఎవర్నీ బయటికి పోనివ్వద్దు. చీకటి పడేలోపు కొవ్వూరు నుంచి పోలీసులొస్తారు."

"వచ్చి జీపెక్కించుకుని పోతారు. రేపు బెయిలిస్తారు. ఎల్లుండి ఎమ్మెల్యే అవుతాడు."

"అవనీ."

"పోనీ నువ్వు ముందు నడు బాబాయ్. నీ వెనక మేమొస్తాం."

"నేను ముందు నడిస్తే మీరంతా వస్తారురా. అదీ పంపించడమే. నేనెవర్నీ పంపను."

ఆ మాట వాళ్ళకి ఎలా అర్థమవుతుంది? నాకే అర్థం కాలేదు. నా మొగుడి కేకలు వింటూ కూర్చున్నవాడు అక్కడ, ఇంత దగ్గర్లో ఉన్నాడు. వాడి పేగులు బయట పడటం కళ్ళారా చూడాలని నాకూ ఉంది. ఎవరైనా కత్తి చేతికిస్తే నేనే వెళ్ళేదాన్ని. కాని బావగారు వెళ్తానంటే మాత్రం కాళ్ళు పట్టుకుని ఆపేదాన్ని. రెండూ నిజమే.

"గ్యాసు ఏజెన్సీకి అమ్ముడుపోయాడు" అని ఎవరో అన్నారు. ఇంకెవరో కర్రకాలుని తన్నారు. తోలుపట్టీ తెగి బావగారు పడిపోయారు. పడినవాణ్ణి కొట్టడం మొదలైతే ఆగదు. మిల్లులో దాక్కున్నవాళ్ళ కోసం తెచ్చిన కర్రలన్నీ ఆయన మీద పడ్డాయి. పెదవులు చిట్లాయి, పళ్ళు రాలాయి. మా ఊరివాళ్ళే. ఏళ్ళ తరబడి ఆయన సెలవుకి వస్తే మిలటరీ రమ్ము కోసం గుమ్మంలో కాచుకున్నవాళ్ళే. నేను ఆయన మీద బోర్లా పడ్డాను. ఆడదాన్ని కదా ఆగుతారనుకున్నాను. ఒక దెబ్బకి నా మెడ కింద ఎముక పుటుక్కుమంది. సూరిబాబు ఒక్కడే వాళ్ళని వెనక్కి లాగాడు.

"ఈయన్ని వదిలెయ్యండి. వెళ్దాం పదండి" అన్నాడు.

లోవమ్మ, "ఒరే సూరీ" అని పిలిచింది. వాడు వినలేదు. గోడ దూకి గడ్డపార పట్టుకుని గచ్చుకి అడ్డంగా పరుగెత్తాడు. బావగారు నా కింద పడి ఉండే తల ఎత్తి, "వంగరా, వంగి పరిగెత్తరా" అని అరిచారు. నోట్లో నెత్తురుండి మాట స్పష్టంగా రాలేదు. తుపాకీ పేలింది. సూరిబాబు వెనక్కి తూలి మళ్ళీ ముందుకు నడిచాడు. రెండోసారి పేలింది. ఈసారి పొట్టమీద. వాడు పల్లంరాజుకి కొంచెం అవతల మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతుల్తో పొట్ట పట్టుకుని, పక్కకి ఒరిగిపోయాడు.

పైన తుపాకీలో గుళ్ళు నింపుకునేలోపు జనమంతా గచ్చు దాటేశారు. గేటు ఊడదీశారు. పెదబాబుని ధాన్యం బస్తాల వెనకనుంచి ఈడ్చుకొచ్చి వాడు నరికిన కత్తితోనే నరికారు. ఆడవాళ్ళు ఊకలో వాడి తల కుక్కి తొక్కారని విన్నాను, నేను చూడలేదు. జోగేశ్వరరావు వెనకవైపు నుంచి రేవులోకి దిగి పడవెక్కి పారిపోయాడు. ఆ పడవ మాత్రం ఇసకలో కూరుకోలేదు.

మర్నాడు పేపర్లో వచ్చింది. లంక యుద్ధం నడిపిన తీరుని మాజీ జవాను విమర్శించగా సభలో ఘర్షణ అనీ, ముగ్గురు మృతి అనీ. ఎదుటి పార్టీవాళ్ళు కార్లలో వచ్చి పల్లంరాజు ఫొటోకి దండ వేశారు. ఢిల్లీ తప్పుల్ని ధైర్యంగా నిలదీసి ప్రాణమిచ్చాడన్నారు. ఈ పార్టీవాళ్ళు జోగేశ్వరరావుని తప్పించి ఆయన బావమరిదికి టిక్కెట్టిచ్చారు. దేశం కోసం మేనల్లుణ్ణి పోగొట్టుకున్నానని అతను ఊరూరా ఏడ్చాడు. పోలీసులొచ్చి నా వాఙ్మూలం రాసుకుంటుంటే, "లంక అంటే సిలోన్ కాదండి, ఇదిగో ఈ లంకండి" అని కిటికీలోంచి గోదావరి చూపించాను. రాసేవాడు తల గీరుకుని, అదంతా పాత కేసమ్మా, అది తేలిపోయింది అన్నాడు. మా గొడవ కంటే దేశం గొడవ పెద్దది కదా, అందులో కలిపేసుకున్నారు.

సూరిబాబు దహనం అయ్యాక లోవమ్మ మా ఇంటికొచ్చింది. బావగారు మంచం మీద ఉన్నారు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పక్కటెముకలకి కట్టు కట్టి ఉంది. నేను మెడకి గుడ్డ కట్టి అందులో చెయ్యి వేలాడేసుకుని గంజి పడుతున్నాను. ఆవిడ వచ్చి కింద కూర్చుంది. మా అత్తగారు పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఒక మాట అడుగుతానయ్యా" అంది బావగారితో. "నువ్వు ముందుంటే, నా కొడుకు వెనక ఉండేవాడు కదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆయన వద్దనే అన్నారు వదినా, అందుకే కదా ఈ ఎముకలన్నీ విరగ్గొట్టారు, మీవాడే వినకుండా..." అని లేచాను. బావగారు చెయ్యెత్తి నన్ను ఆపారు.

"అవునమ్మా" అన్నారు. "రెండు గొట్టాల తుపాకీ అది. రెండు గుళ్ళు అయిపోతే మళ్ళీ నింపడానికి టైము పడుతుంది. ఆ టైములో మిగతావాళ్ళంతా గచ్చు దాటేస్తారు. అది నాకు గోడ దగ్గరే తెలుసు. ఆ రెండు గుళ్ళూ ఎవరికో తగలాలి. నేను ముందుంటే నాకు తగిలేవి."

లోవమ్మ తల ఊపింది. సరే, తెలిసింది అన్నట్టు ఊపింది. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. కొంగు దులుపుకుని లేచి వెళ్ళిపోయింది.

ఆవిడది మా పక్కిల్లే. రోజూ నీళ్ళు తోడేటప్పుడు గోడ మీంచి ముఖాలు కనపడతాయి. ఆ రోజు బావగారు ఒప్పుకున్నది నేను ఒప్పుకోను. ఒప్పుకుంటే ఆయన చచ్చిపోయి ఉండాల్సిందని నేనే అన్నట్టు. ఈయన బతికి మా ఇంట్లో గంజి తాగుతున్నందుకు నాకు సంతోషంగా ఉంది. ఆ సంతోషం ఎవరి చావుతో వచ్చిందో తెలుసు. అందుకే లోవమ్మ నీళ్ళకొచ్చే వేళకి నేను లోపలే ఉంటాను.